అనుకున్న ఫొటో రాకపోతే మీరెలా తట్టుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఐదు ఆదివారాలుగా తెల్లవారకముందే బండి మీద ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్తున్నాను. నాకు కావాల్సింది ఒక్క ఫొటో: గూడబాతు (పెలికాన్) రెక్కలు పూర్తిగా చాచి గూటి మీద వాలుతుండగా, వెనక నుంచి పొద్దుటి ఎండ పడాలి. రెక్కల కదలిక చెదరకుండా షటర్ వేగం 1/2000 సెకను పెట్టుకుని గట్టు మీద కూర్చుంటాను. ఎండ ఉంటే పక్షి అటు తిరిగి వాలుతుంది, పక్షి కుదిరితే మంచు. ఇంటికొచ్చి ఆ చిరాకంతా మా ఆవిడ మీద చూపిస్తున్నాను, అది ఇంకా సిగ్గుచేటు.

మొన్న బ్యాటరీ అయిపోయింది. ఊరికే చూస్తూ కూర్చున్నా. ఒక గూడబాతు పిల్ల తన తల్లి నోటికింద సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపలు తింటోంది. మెడ దాకా లోపలే! బయటికి తీశాక తలంతా జిగురు. నవ్వొచ్చింది. ఐదు వారాల్లో హాయిగా ఉన్నది ఆ అరగంటే.

కానీ బ్యాటరీ నిండగానే మళ్ళీ అదే టెన్షన్. మా అబ్బాయి ఇంటర్ మార్కుల విషయంలోనూ నా తీరు ఇదేనని ఇంట్లో అంటున్నారు, కాదనలేకపోయాను.

చాలాకాలంగా పక్షుల ఫొటోలు తీస్తున్నవాళ్ళు చెప్పండి. ఏం తీయాలో ముందే అనుకోకుండా వెళ్తారా? కాసేపు కెమెరా సంచిలోనే ఉంచుతారా? పెద్ద లెన్స్ ఇంట్లో వదిలేస్తే నయమా? పిల్లల విషయంలో ఇలాంటి పట్టుదల వదులుకున్నవాళ్ళుంటే, అదెలా కుదిరిందో కూడా రాయండి.