'మా' ఒక్క మాటేనా, నాలుగైదు మాటలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్కారం అండి. మా పాప తెలుగు హోంవర్క్ చూస్తూ ఇందులో ఇరుక్కుపోయాను. మా ఊరు, మా ఆవిడ అంటామే ఆ 'మా' సంగతి కొంచెం తెలుసు, వినేవాళ్ళని కలుపుకుంటే 'మన', వదిలేస్తే 'మా', ఈ తేడా హిందీలో లేదు, రెండిటికీ హమారా అనేస్తారు పాపం. పాత కావ్యాల్లో మేము బదులు 'ఏము' అని ఉంటుంది, తమిళంలో కూడా 'ఎమ్' ఉంది కదా, మరి అచ్చు ముందున్న ఆ మాట తిరగబడి 'మా' అయిందా?

ఇక సంస్కృతం 'మా' వేరే. మా అంటే లక్ష్మి, ఆమె భర్త కాబట్టి మాధవుడు. అదే 'మా' అంటే వద్దు అని కూడా, వాల్మీకి బోయవాణ్ణి శపించిన 'మా నిషాద' శ్లోకంలో ఉన్నది అదే, కానీ కొందరు వ్యాఖ్యాతలు అక్కడా లక్ష్మి అర్థమే తీసి శాపాన్ని కాస్తా విష్ణుస్తుతి చేసేశారు (భలే తెలివి అనుకోండి).

నా అసలు డౌట్ ఏంటంటే, మా అమ్మమ్మ "మా చెడ్డ చిరాగ్గా ఉంది", "మా గొప్పగా చెప్పావులే" అనేది, ఈ 'మా' మహా అరిగిపోయి వచ్చిందా లేక అచ్చ తెలుగేనా? అలాగే వినుమా, చెప్పుమా చివర్లో ఉన్నది వినుము మీద 'ఆ' చేరిందా, విడిగా ఇంకో 'మా'నా? వ్యాకరణం చదివినవాళ్ళు కొంచెం ఉదాహరణలతో చెప్తే బావుంటుంది, మీ వైపు ఇంకేమైనా 'మా'లు ఉంటే అవి కూడా రాయండి.