అప్‌డేట్: మా ఊరి బడిలో మరుగుదొడ్డి తాళం తీశారు

ఉప్పల్‌లో ఉంటూ, నల్గొండ వైపున్న మా ఊరి బడి గురించి పోయిన నెల అడిగాను: మరుగుదొడ్డి ఉంది, నీళ్లు లేక తాళం వేశారు, ఏం చేయాలి అని. మీరు చెప్పినట్టే విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్ పట్టుకుని హెడ్‌మాస్టర్ గారిని కలిశాం. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, పిల్లలందరికీ తాగునీరు తప్పనిసరని అందులో ఉంది. చందాలు వేసుకుని మోటారు బాగుచేయించాం, పైన ట్యాంకు పెట్టాం. తాళం తీశారు.

మా అక్క కూతురు బడిలో ఉన్నంతసేపూ నీళ్లు ముట్టేది కాదు. ఇప్పుడు సీసా ఖాళీ చేసుకుని వస్తోందని అక్క ఫోన్లో చెబితే ఏడుపొచ్చేసింది.

తాగునీటి టెన్షన్ మాత్రం ఇంకా తీరలేదు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ (ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే లవణం) భయం ఉంది. అది కాచినా పోదు; లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్లు పరీక్షకు ఇచ్చాం. రిపోర్టు వచ్చేదాకా అవి కడుక్కోవడానికే, తాగడానికి పిల్లలు ఇంటి నుంచే తెచ్చుకుంటున్నారు.