లంకలో నెలలు నిండేవాళ్ళు ముగ్గురు, పసివాళ్ళు నలుగురు. వరద రాకముందే ఏం చేసుకోవాలి?

లంక ఆశా అడిగిన ప్రశ్న

మాది పి.గన్నవరం వైపు, గోదావరి పాయల మధ్య ఒక లంక. ఆశా కార్యకర్తగా చేస్తున్నాను. జూలై దగ్గర పడుతోందంటే మాకు గుండెల్లో గుబులే. ఈసారి నా రిజిస్టర్లో జూలై, ఆగస్టుల్లో కాన్పు తేదీ ఉన్నవాళ్ళు ముగ్గురు, ఆరు నెలల్లోపు పిల్లలు నలుగురు ఉన్నారు.

2022 జూలైలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది కదా, అప్పుడు జరిగింది చెప్పి అడుగుతాను. ఊరంతా ఏటిగట్టు మీదే, టార్పాలిన్ల కింద. మాలో ఒక బాలింత ఉంది, బిడ్డకి నలభై రోజులు. మూడో రోజు పొద్దున "బెదురుకి పాలు ఇంకిపోయాయి అక్కా" అని ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే ఎవరో మంచి మనసుతో పడవలో బియ్యం, రొట్టెలతో పాటు పాలపొడి డబ్బాలు, సీసాలు తెచ్చి పంచారు. వాళ్ళ అత్తగారు కలిపి పట్టింది. డబ్బాలో చెంచా ఎక్కడో పడిపోతే మూతతోనే ఉజ్జాయింపుగా పోసింది. సీసా పీకని గట్టు కింద ఎర్రనీళ్ళలో జాడించి, కొంగుతో తుడిచి మళ్ళీ బిడ్డ నోట్లో పెట్టడం నా కళ్ళారా చూశాను. ఆకలికి గుక్కపట్టిన బిడ్డ దగ్గర సీసా లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు. రెండు రోజులకి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోతుకి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడిపోయింది. మర పడవలో ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ ఎక్కిస్తే దక్కాడు.

భయానికి పాలు నిజంగా ఎండిపోతాయా? ఆ అత్తగారికి నేనేం చెప్పి ఉండాల్సింది? గర్భిణులని ఎప్పుడు గట్టు దాటించాలి? ఇళ్ళల్లో పెద్దవాళ్ళేమో "నొప్పులు రానీ, పడవ ఉందిగా" అంటున్నారు.

రిటైర్డ్ ఏఎన్ఎం, అమలాపురం

అమ్మాయ్, 1996 నవంబరు తుపానుకి నేను డ్యూటీలో ఉన్నాను. అప్పుడు కూడా బాలింతలందరి నోటా ఇదే మాట.

భయానికి పాలు ఎండిపోవు. పాలు తయారవుతూనే ఉంటాయి, టెన్షన్‌లో చేపు రావడం, అంటే పాలు బయటికి దిగడం, ఆలస్యమవుతుంది, అంతే. బిడ్డ ఎంత చీకితే అంత పడతాయి. సీసా అలవాటు చేస్తే చీకడం తగ్గుతుంది, అప్పుడు నిజంగానే తగ్గిపోతాయి. ఇంకో సంగతి నీకు తట్టిందో లేదో. గట్టు మీద ఊళ్ళో మగవాళ్ళంతా ఉంటారు, ఆ పిల్ల కొంగు చాటున ఎంతసేపని ఇస్తుంది? నేను చూసిన వాటిల్లో సగం "పాలు లేవు"లకి కారణం చాటు లేకపోవడమే. రెండు కర్రలు పాతి, పాత చీర కట్టి, తల్లిని అందులో కూర్చోబెట్టు. పక్కన తల్లో, అక్కో ఉండాలి. ఒంటికి ఒళ్ళు తగిలేలా బిడ్డని గుండెలకి ఆనించమను. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టాలి. బిడ్డ రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదనే పథ్యం మాత్రం ఎవరు చెప్పినా వినకు. ముందు ఆమెకి అన్నం, పప్పు, కాచిన నీళ్ళు. అత్తగారితో గొడవ పడకు, "మీ కోడలికి తిండి పెట్టే బాధ్యత మీదే పిన్నీ" అని ఆ పని ఆమెకే అప్పగించు.

తల్లి లేని బిడ్డ అయితే పాలపొడి వేరే సంగతి. అది డాక్టరు చెప్పిన కొలతతో, కాచిన నీళ్ళతో, ఉగ్గుగిన్నెతో పట్టాలి. గిన్నెని తోమి మరిగించగలం, సీసా పీకలో మురికి ఎవరు తీయగలరు? పాలపొడి, సీసాలు ఊరికే పంచకూడదని 1992 నుంచి చట్టమే ఉంది. పంచడానికి వచ్చినవాళ్ళకి ఆ మాట నెమ్మదిగా చెప్పి, వాటి బదులు గుడ్లు, పప్పు అడుగు.

రెండు నెలల్లోపు బిడ్డకి విరేచనాలైతే ఆగొద్దు, పాలు పడుతూనే ఆసుపత్రికి. పెద్ద పిల్లలకి ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. జింకు మాత్రలు 14 రోజులు. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానేస్తారు, అక్కడే నువ్వు వెంటపడాలి.

పడవ రేవు తమ్ముడు

అక్కా, పడవ నడిపేవాడిగా చెప్తున్నాను, "పడవ ఉందిగా" అన్నమాట నమ్మొద్దండి. రాత్రిపూట, దుంగలు కొట్టుకొచ్చే ఉరవడిలో నొప్పులు పడుతున్న మనిషిని ఎక్కించుకోవాలంటే నాకే చేతులు వణుకుతాయి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, పది లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. మా కాజ్‌వే, అదే ఏటి మీది పల్లపు రోడ్డు, అంతకన్నా ముందే మునిగిపోతుంది. అందుకని మేం ఎగువనున్న భద్రాచలంలో నీటిమట్టం చూస్తాం. అక్కడ 43 అడుగులు, మొదటి హెచ్చరిక అని టీవీలో వచ్చిందంటే తొమ్మిదో నెల వాళ్ళని ఆ పూటే దాటించేయండి. నీళ్ళు మన దాకా దిగడానికి టైము పడుతుంది, ఆ టైమే మనకి మిగిలేది. 2022లో మా ఆవిడని అలాగే ముందుగా ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న మేనత్తగారింట్లో దింపి వచ్చాను.

ఇద్దరు పిల్లల తల్లి, రాజోలు

తల్లీబిడ్డ కార్డు, ఐరన్ మాత్రలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పైన పెట్టుకోమనండి. మా పాప 14 వారాల టీకా వరదలో తప్పిపోయింది. మళ్ళీ మొదటి నుంచి వేయాలేమోనని చాలా భయపడ్డాను. అక్కర్లేదు, తప్పిన డోసు నుంచే కొనసాగించారు. అలాగే తల పగిలేంత నొప్పి, కళ్ళు మసకలు, ముఖం వాపు ఉంటే తేదీ ఇంకా ఉందని చూడొద్దు. నాకు ఎనిమిదో నెలలోనే బీపీ వచ్చింది.

లంక ఆశా

అందరికీ దణ్ణం. చాటు సంగతి నాకు ఇన్నేళ్ళూ తట్టనేలేదు. ఆ పిల్ల గట్టు మీద గోడ వైపు తిరిగినట్టు ఏటి వైపు తిరిగి కూర్చునేది, ఇప్పుడు గుర్తొస్తోంది. ఇవాళ రెండు పాత చీరలు, నాలుగు వెదురు కర్రలు అంగన్‌వాడీలో పెట్టించాను. ముగ్గురిలో ఇద్దరి ఇళ్ళల్లో ముందే దాటించడానికి ఒప్పుకున్నారు. మూడో ఆమె మామగారు ఇంకా పడవ మాటే అంటున్నారు. తమ్ముడూ, ఆదివారం ఒకసారి మా రేవుకి వచ్చి ఆయనతో నువ్వే మాట్లాడతావా?