బెల్టు తగిలించుకోని కూలీకి జరిమానా వేయడం న్యాయమేనా?

సైట్ ఇంజనీరు, హైదరాబాద్:
మేము పన్నెండు అంతస్తుల భవనం కడుతున్నాము. ఎత్తులో పనిచేస్తూ సేఫ్టీ బెల్టు కొక్కెం తగిలించుకోని వారికి ఒక్కోసారికి 500 రూపాయల జరిమానా వేయాలని యాజమాన్యం నిర్ణయించింది. గత నెలలో అలాంటి పదకొండు చీటీల మీద నేనే సంతకం చేశాను. బెల్టు కట్టుకునేవారి సంఖ్య పెరిగిన మాట నిజమే గాని, ఏడో అంతస్తుకు చెప్పకుండా వెళ్లినప్పుడల్లా చాలామంది కొక్కేలు వీపు వెనుక వేలాడుతూనే కనిపిస్తున్నాయి. ఈ పద్ధతి సరైనదేనా?

సేఫ్టీ ఆఫీసరు, విశాఖపట్నం:
సరైనదేనని నా అభిప్రాయం. రోజూ ఉదయం పని మొదలుకాక ముందు పది నిమిషాలు జాగ్రత్తలు చెబుతాము. అందరూ తలలూపుతారు, గంట గడిచేసరికి ఎవరి అలవాటు వారిదే. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నేనెందుకు పడతానని అనుకునే మనిషికి మాటకన్నా జేబు త్వరగా అర్థమవుతుంది. పడినవారి ఇంటికి ఫోను చేసి కబురు చెప్పవలసిన పని నాకు రెండుసార్లు పడింది. అప్పటి నుంచి 500 రూపాయలు నాకు కఠినంగా తోచడం లేదు.

కార్మిక చట్టాల న్యాయవాది, గుంటూరు:
న్యాయాన్యాయాల సంగతి తరువాత, ముందు ఆ చీటీలు చట్టానికి నిలుస్తాయా అన్నది చూడండి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ, దాని స్థానంలోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ జరిమానాలకు గట్టి హద్దులున్నాయి. ఏయే తప్పులకు జరిమానా ఉంటుందో ప్రభుత్వ ఆమోదంతో ముందే ప్రకటించాలి, కార్మికుడికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, ఒక వేతన కాలంలో వేసే జరిమానాల మొత్తం ఆ కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు, వసూలైన సొమ్మును కార్మికుల మేలుకే ఖర్చు చేయాలి. రోజుకు 900 చొప్పున ఆరు రోజుల కూలి వారం వారం అందుకునే మనిషి విషయంలో 5,400లో 3 శాతమంటే 162 రూపాయలే.

మరొక మాట. రేపు ప్రమాదం జరిగితే తప్పు కూలీదేనని చూపించడానికి ఇలాంటి చీటీలను దాచుకునే యజమానులున్నారు. ప్రమాదంలో మరణమో శాశ్వత సంపూర్ణ అంగవైకల్యమో సంభవిస్తే, రక్షణ పరికరం వాడలేదన్న కారణంతో పరిహారం ఎగ్గొట్టడానికి 1923 నాటి పరిహార చట్టమే వీలివ్వలేదు.

సెంట్రింగ్ మేస్త్రీ, మహబూబ్‌నగర్:
అందరూ కొక్కెం ఎందుకు తగిలించలేదని అడుగుతున్నారే గాని, దేనికి తగిలించాలో ఎవరూ చెప్పడం లేదు. స్లాబు అంచున పలకలు పరిచేవాడికి తలపైన ఆకాశం తప్ప ఏమీ ఉండదు. చేతికి అందేవి పలకల కింద ఆసరాగా నిలబెట్టే జాకీలు. వాటికి తగిలిస్తే, పడేవాడు జాకీని కూడా వెంట తెచ్చుకుంటాడు. అంచు పొడవునా గట్టి స్తంభాలకు ఉక్కుతాడు లాగి కట్టిన సైట్లలో మావాళ్లు చెప్పించుకోకుండానే తగిలించుకుంటారు. అక్కడ కూడా ఒకే కొక్కెం ఉన్న బెల్టు ఇస్తే, స్తంభం దాటే ప్రతిసారీ విప్పక తప్పదు. రెండు కొక్కేల బెల్టు ఖరీదు ఎక్కువని మానేస్తారు. పైగా మాకు కూలి చదరపు అడుగు లెక్కన ఇస్తారు గనుక విప్పి తగిలించే ప్రతి నిమిషం మా సంపాదనలోనుంచే పోతుంది.

మొదటి స్లాబు పనిలో బెల్టుకు జరిమానా వేసేవారిని చూస్తే నవ్వు వస్తుంది. 1.8 మీటర్ల తాడు, పడేటప్పుడు కుదుపు తగ్గించడానికి విచ్చుకునే షాక్ అబ్జార్బరు, మనిషి పొడవు, కాస్త ఎడం కలిపితే కొక్కెం తగిలించిన చోటికి కింద సుమారు 5.5 మీటర్ల ఖాళీ కావాలి. మూడు మీటర్ల ఎత్తులో కాళ్ల దగ్గర తగిలించుకున్నవాడికి బెల్టు బిగుసుకునేలోపే నేల తగులుతుంది. అక్కడ కాపాడేది అంచున కట్టిన రెయిలింగు, లిఫ్టు గుంతపై కదలకుండా బిగించిన పలక.

సేఫ్టీ ఆఫీసరు, విశాఖపట్నం:
మేస్త్రీ గారు చెప్పిన ఉక్కుతాడు సంగతి నేను ముందే ఎత్తవలసింది, ఒప్పుకుంటాను. ఆ తాడు, రెండు కొక్కేల బెల్టు అన్నీ అమర్చిన తరువాత కూడా తగిలించుకోనివారిని ఏం చేయమంటారు?

సెంట్రింగ్ మేస్త్రీ, మహబూబ్‌నగర్:
ఆ పూటకు కింద పనిలో పెట్టండి. కూలి మాత్రం కోయవద్దు. కోత పడుతుందని తెలిస్తే, పక్కవాడు తగిలించుకోలేదని ఏ కూలీ మీకు చెప్పడు.

సైట్ ఇంజనీరు, హైదరాబాద్:
ఈ ఉదయం చీటీలు తీసి చూశాను. పదకొండింటిలో ఎనిమిది తూర్పు అంచున పనిచేసినవారివి. అక్కడ ఉక్కుతాడు నేటికీ కట్టలేదు. ఆ ఎనిమిది మందికి సొమ్ము తిరిగి ఇవ్వాలనీ, తాడు కట్టేదాకా ఆ అంచున పని ఆపాలనీ లేఖ పెట్టాను. మిగిలిన మూడూ తాడు ఉన్న చోట రాసినవే. చదరపు అడుగు లెక్కన పనిచేసే ముఠాలో ఒక మనిషిని పూటంతా కిందికి దింపితే ఆ కూలి ఎవరు భరించాలో గుత్తేదారుతో ఇంకా తేల్చుకోవలసి ఉంది.