జంతికల మెషీన్‌కి స్టీల్ స్పర్ గేర్లు: ఏ మాడ్యూల్, ఏ మెటీరియల్?

కేఆర్‌పురం కుర్రాడు:
అన్నలూ ఒక డౌటు. బెంగళూరు కేఆర్ పురంలో మా పిన్ని వాళ్లు పిండివంటలు చేసి అమ్ముతుంటారు, జంతికలు కారప్పూస వత్తడానికి స్క్రూ టైపు మెషీన్ ఒకటి లోకల్‌గా చేయించుకున్నారు. అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటరు, 1440 ఆర్‌పీఎం, దానికి 1:30 వర్మ్ గేర్‌బాక్సు, అక్కణ్ణుంచి ఓపెన్‌గా రెండు స్పర్ గేర్లు (నిటారు పళ్లవి), 20 పళ్ల పిన్యన్ అంటే చిన్న గేరు, 60 పళ్ల పెద్ద గేరు, మాడ్యూల్ (పంటి సైజు) 1.5, వెడల్పు 15 ఎంఎం. స్క్రూ నిమిషానికి 16 రౌండ్లు తిరుగుతుంది, ఆ స్పీడు వాళ్లకి సరిగ్గా సరిపోయింది. బాధంతా పిన్యన్‌తోనే. విప్పి చూస్తే పళ్ల కొసలు సన్నబడిపోయి కొన్నయితే ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి, పిండి కాస్త గట్టిగా కలిపిన రోజైతే టకటకా ఒకటే చప్పుడు. చేసిచ్చినాయన్ని అడిగితే అది మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) సార్, ఈసారి ఈఎన్24 అనే గట్టి స్టీల్లో చేయిస్తా ఇంక పోనేపోదు అంటున్నాడు. రేటు మాత్రం గట్టిగానే చెప్తున్నాడు. ఈఎన్24 పెడితే నిజంగా సరిపోద్దా? లేకపోతే ఎస్పీ రోడ్డు బజారు వైపు రెడీమేడ్‌గా ఏమన్నా దొరుకుతాయా?

హాబ్ కటర్:
తమ్ముడూ, స్టీలు సంగతి చివర్న చూద్దాం, ముందు నీ పంటి మీద ఎంత బరువు పడుతోందో లెక్కేసుకో. అర హెచ్‌పీ అంటే 0.373 కిలోవాట్లు. టార్క్ కావాలంటే కిలోవాట్లని 9550తో గుణించి ఆర్‌పీఎంతో భాగించాలి, గేర్‌బాక్సు బయట స్పీడు 48 కాబట్టి 74 న్యూటన్ మీటర్లు వస్తుంది, వర్మ్‌లో పాతిక శాతం వేడికి పోయిందనుకున్నా 55 మిగులుద్ది. నీ పిన్యన్ పిచ్ డయా (పళ్లు కలిసే చోట గేరు వ్యాసం) 20 ఇంటూ 1.5, అంటే 30 ఎంఎం, రేడియస్ 15. 55ని 0.015తో భాగిస్తే 3,660 న్యూటన్లు, అంటే దగ్గర దగ్గర 370 కేజీల బరువు, ఇదంతా మోకాలి ఎత్తు మెషీన్‌లో ఒక్క చిన్న పంటి మీద. పంటి బలం లెక్కేసే లూయిస్ ఫార్ములాలో వేసి చూస్తే పంటి మొదట్లో ఒత్తిడి 500 మెగాపాస్కల్స్ దాటుతోంది, ఎంఎస్ 250 దగ్గరే వంగడం మొదలెడుతుంది. రోజంతా ఫుల్ లోడు ఉండదు కాబట్టి ఈ మాత్రమన్నా నడిచింది, గట్టి పిండి పడి స్క్రూ బిగుసుకుంటే మోటరు దాని రేటింగ్ కన్నా రెట్టింపు దాకా తన్నుతుంది, పళ్లు ఒరిగింది అప్పుడే.

ఈఎన్24 పెడితే వంగడం తగ్గుద్ది నిజమే కానీ 1.5 మాడ్యూల్ పన్ను 1.5 మాడ్యూల్ పన్నే. మాడ్యూల్ 3కి వెళ్లు, 18 పళ్లు, వెడల్పు 30. పిచ్ డయా 54 అవుతుంది కాబట్టి పంటి మీద బరువు 2,040 న్యూటన్లకి దిగుద్ది, పన్ను పొడవూ మందమూ రెండింతలు, వెడల్పూ రెండింతలు, ఒత్తిడి 75 లోపు. జామ్ అయినప్పుడు డబుల్ అనుకున్నా 150, దీనికి ఈఎన్8 (మీడియం కార్బన్ స్టీలు) చాలు. వెడల్పు మాడ్యూల్‌కి 8 నుంచి 12 రెట్లు ఉంచడం మామూలు, అంతకన్నా పెంచినా షాఫ్టు కాస్త వంకరుంటే ఒక చివరే తగులుతుంది, మిగతాది దండగ.

ఒకటే తిరకాసు, సెంటర్ దూరం మారిపోద్ది. ఇప్పుడు 20+60కి 60 ఎంఎం ఉంది, 18+54కి మాడ్యూల్ 3లో 108 కావాలి, ప్లేటు కొత్తది కొట్టించాలి. పాత 60లోనే ఇరికించాలంటే 10/30 పళ్లు పెట్టాలి, 20 డిగ్రీల ప్రెషర్ యాంగిల్ (పంటి వాలు)‌లో 17 కన్నా తక్కువ పళ్లయితే కోసేటప్పుడు కటర్ పంటి మొదలునే తినేస్తుంది, బలం ఎక్కడ కావాలో అక్కడే సన్నబడుద్ది. ఆ దారి వద్దు.

గ్రీజు చేతులు:
పై అన్న లెక్క కరెక్టు. పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఏళ్లుగా గేర్లు కోయిస్తున్నా, కొన్ని షాపు సంగతులు చెప్తా.

ముందు, ఈఎన్8 అని అడిగితే ఈఎన్8 ఇస్తున్నాడో లేదో చూసుకో. బార్లు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఎంఎస్ ముక్క గేరుగా మారాక ఎవడికి తెలుస్తుంది. టెస్ట్ సర్టిఫికెట్ ఉంటే మంచిది, లేదంటే గ్రైండర్ మీద పెట్టి రవ్వలు చూడు, ఎంఎస్ రవ్వ పొడుగ్గా గీతలా పోతుంది, ఈఎన్8లో కార్బన్ 0.4 శాతం ఉంటుంది కాబట్టి కొసల్లో చిటపటా చీలుతుంది. అసలు తేడా ఏంటంటే ఎంఎస్‌ని మామూలుగా వేడిచేసి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడదు, ఈఎన్8 గట్టిపడుతుంది. పిన్యన్ పళ్లు ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటు కాయిల్ వేడితో గట్టిపరచడం) చేయించు, గట్టిదనం కొలతలో 50 హెచ్‌ఆర్‌సీ పైన వస్తే చాలు, తెచ్చుకున్నాక మంచి ఫైలు ఒకటి పంటి మీద లాగి చూడు, పట్టకుండా జారిపోవాలి. పెద్ద గేరు మామూలు ఈఎన్8 ఉంచెయ్, పిన్యన్ పన్ను దానికి మూడింతలు పనిచేస్తుంది కాబట్టి గట్టిదనం పిన్యన్‌కే కావాలి. 20ఎంఎన్‌సీఆర్5లో కేస్ హార్డెనింగ్ అని ఎవడన్నా ఊదరగొడితే, పైన 58-62 వస్తుంది, లోపల మెత్తగా ఉంటుంది, అన్నీ నిజమే, కానీ వేడికి వంపు తిరుగుద్ది, మళ్లీ గ్రైండింగ్ కావాలి, 48 ఆర్‌పీఎం గేరుకి అంత ఖర్చు వేస్టు.

రెండోది, హాబింగ్ (స్క్రూ లాంటి కటర్ తిరుగుతూ పళ్లన్నీ వరసగా కోయడం) చేసేవాడి దగ్గరకే పో. మిల్లింగ్ మెషీన్ మీద ఇండెక్సింగ్ హెడ్ పెట్టి ఒక్కో పన్ను కోసేవాళ్లున్నారు, వాళ్ల కటర్లు ఒక్కో మాడ్యూల్‌కి 8 నంబర్ల సెట్టు, 17 నుంచి 20 పళ్ల దాకా ఒకటే కటర్, మరి 20 పళ్లకి షేప్ ఎలా కరెక్టుగా వస్తుంది. హాబ్ అయితే ఒకటే కటర్‌తో ఎన్ని పళ్లకైనా సరైన షేప్ వస్తుంది. రెండు గేర్లూ ఒకే చోట కోయించు.

రెడీమేడ్ కొంటే జాగ్రత్త, పాత ఇంగ్లీషు మెషీన్ల గేర్లు డీపీ (డయామెట్రల్ పిచ్, అంగుళం పిచ్ డయాకి ఎన్ని పళ్లో) లెక్కలో ఉంటాయి. 16 డీపీ అంటే మాడ్యూల్‌లో 1.5875, చేత్తో తిప్పితే 1.5తో కలిసినట్టే ఉంటుంది, నెల తిరక్కుండా రెండూ తినేస్తాయి. ప్రెషర్ యాంగిల్ కూడా 14.5 ఉండొచ్చు, అది 20తో కలవదు.

చెయిన్ బాబాయ్:
ఇంత గొడవ దేనికి, చెయిన్ వేసెయ్ గురూ. అర అంగుళం పిచ్ 08బీ చెయిన్, 17 పళ్ల స్ప్రాకెట్, లాగుడు 1,600 న్యూటన్లు, తెగాలంటే 17,000 దాటాలి. సెంటర్ దూరం అటూ ఇటూ అయినా పట్టించుకోదు.

హాబ్ కటర్:
బాబాయ్ చెప్పింది బాగానే ఉంది, చోటుంటే నేను కూడా వద్దనను. కాకపోతే గేర్లలో స్క్రూ ఉల్టా తిరుగుద్ది, చెయిన్‌లో అదే దిక్కు. మోటరు తిప్పే వైపు మార్చకపోతే పిండి జల్లెడ వైపు కాకుండా తొట్టిలోకి వెనక్కి తన్నుకొస్తుంది. సింగిల్ ఫేజ్‌లో స్టార్టింగ్ వైండింగ్ వైర్లు రెండూ తారుమారు చేస్తే చాలు, కానీ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు.

కేఆర్‌పురం కుర్రాడు:
థాంక్స్ అన్నలూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చెయిన్‌కి స్ప్రాకెట్ పెద్దదైపోతోంది, కింద తొట్టి అడ్డం వస్తోంది, గేర్లే వేద్దామని ఉంది. గేర్‌బాక్సు షాఫ్టు 25 ఎంఎం, పాతాయన పిన్యన్ పట్టడం కోసం కొస 16కి దించేశాడు. ఇప్పుడు 25 పెట్టొచ్చా? 18/54 కాకుండా 18/53 పెట్టమని ఒకాయన అంటున్నాడు, అదేంటి?

గ్రీజు చేతులు:
18/54లో పిన్యన్ ప్రతి పన్నూ ఎప్పుడూ పెద్ద గేరులో అవే మూడు పళ్లకి తగులుతుంటుంది, ఒక పంటికి గాటు పడితే అదే జాగాలో అరుగుతూ పోద్ది, 18/53 పెడితే ప్రతి పన్నూ అన్నింటినీ కలుస్తుంది. మంచిదే, ఖర్చేమీ పెరగదు, సెంటర్ మాత్రం 106.5 పెట్టాలి మర్చిపోకు. స్క్రూ స్పీడు తేడా నీకు కనపడదు.

25 బోరు (మధ్య బెజ్జం) హాయిగా పెట్టొచ్చు. మాడ్యూల్ 3లో 18 పళ్లకి పంటి మొదలు డయా 46.5, కీవే (గేరుని షాఫ్టుకి పట్టించే కీ కూర్చునే గాడి) 3.3 లోతు పోయాక కూడా 7.4 ఎంఎం మాంసం మిగులుద్ది, మాడ్యూల్‌కి రెండింతలు అంటే 6 ఉంటే చాలు. పాతదాంట్లో 16 బోరుకి 3 కూడా మిగల్లేదు, పళ్లు పోకపోయి ఉంటే కీవే దగ్గర పగిలేది. షాఫ్టు ఇప్పటికే దించేశారు కాబట్టి గేర్‌బాక్సు హాలో టైపేమో (షాఫ్టు విడిగా దూర్చే రకం) చూడు, అయితే అవుట్‌పుట్ షాఫ్టు ఒక్కటే కొత్తది వేసుకోవచ్చు. కీ 8x7 వస్తుంది.

ప్లేటుకి బోల్టు హోల్స్ స్లాట్‌గా కొట్టించు, వెనక నుంచి తోయడానికి ఒక బోల్టు పెట్టు. బిగించేటప్పుడు గేర్ల మధ్య ఆడుడు 0.15 ఎంఎం దగ్గర ఉంచి మార్కింగ్ బ్లూ పూసి ఒక రౌండు తిప్పు, మరక పంటి వెడల్పంతా రావాలి, ఒక చివరే వస్తే షాఫ్టులు వంకర ఉన్నట్టు, అలాగే నడిపేస్తే 30 వెడల్పు ఇచ్చి లాభం లేదు. గార్డు తప్పకుండా పెట్టించు, పిన్ని వాళ్ల చీర కొంగు అటే ఉంటుంది. పిండి దుమ్ము గ్రీజులో కలిస్తే గ్రైండింగ్ పేస్టే, అందుకని గార్డు పూర్తిగా మూసేసేది చేయించు, గ్రీజు కూడా ఫుడ్ గ్రేడ్ అడిగి తెచ్చుకో.