ఎత్తు: చదరంగం బల్ల మీదిదా, తక్కెడలోదా?

ఈ మధ్య ఏం చదువుతున్నారో అందరూ చెప్తున్నారు కదా, నా వంతు ఇది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’, మూడోసారి. కొన్న కొత్త పుస్తకాలు రెండు మంచం పక్కన అలిగి కూర్చున్నాయి.

పెద్దాపురం సంస్థానం, చదరంగం. కథ గురించి ఇంతకన్నా చెప్పను, మిగతాది పేరులోనే ఉంది. మా పాపను కూర్చోబెట్టి గింజల లెక్క వేశాను. మొదటి గడిలో ఒకటి, ఆపైన గడిగడికీ రెట్టింపు. పదహారో గడి వంతు 32,768 గింజలు, కిలో ధాన్యం కూడా కాదు. ముప్ఫై రెండో గడికి 214 కోట్లు దాటింది. బల్ల ఇంకా సగమే అయింది. ‘ఇక చాలు’ అని లేచిపోయింది పాప.

చదువుతున్నంతసేపూ నా బుర్రలో తిరిగిన మాట ‘ఎత్తు’. చదరంగంలో పావు జరిపితే ఎత్తు వేశాడంటాం. వేళ్లతో ఎత్తి ఇంకో గడిలో పెడతాం కాబట్టి ఆ పేరొచ్చిందని నా ఊహ. ఎత్తుకు పైఎత్తు, పావులు కదపడం, ఆట కట్టించడం... బల్ల ముట్టని వాళ్లు కూడా రోజూ వాడే మాటలు. ‘గొలుసు దొంగల ఆట కట్టు’ అని హెడ్డింగ్ పెట్టేటప్పుడు రాజుకి కదలడానికి గడి లేకపోవడం ఎవరికైనా గుర్తొస్తుందా?

నా సందేహం: ‘అదంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు’ అంటాం కదా. ఇదీ చదరంగం నుంచి వచ్చిందేనా? వంద ఎత్తులు ఒక పక్క, గెలిపించిన ఎత్తు ఒక పక్క అని నేను సమాధానం చెప్పుకున్నాను. కానీ ఆ ఎత్తు ఎందుకో పారడం లేదు.

వ్యాఖ్య: అన్నా, అది బల్ల మీది ఎత్తు కాదు, తక్కెడలోది. ఎత్తు అంటే బరువు అని కూడా కదా. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు ఎత్తు బంగారం మొక్కుతాం. బంగారమంటే బెల్లమే, మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. పోయిన జాతరకు మా బిడ్డను తక్కెడలో కూర్చోబెడితే, ఒక కాలు కింద ఆనించి అటూ ఇటూ చూస్తోంది. మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి తూచాం. ఒక పళ్లెంలో అదంతా, ఇంకో పళ్లెంలో ఇదొక్కటీ పెట్టి చూడు, నీ మాట అర్థమైతది.

వ్యాఖ్య: చిన్న సవరణండీ. ‘ఎత్తు పారడం లేదు’ అని రాశారు. పారేది పాచిక. విసిరితే దొర్లుతూ పోతుంది కాబట్టి పారుతుంది. ఎత్తు ఎలా పారుతుంది? వేస్తాం, లేదా చిత్తవుతుంది. రెండు ఆటలూ కలిపేశారు మీరు.

జవాబు: తమ్ముడూ, తక్కెడ ముందు నా చదరంగం ఓడిపోయింది. ఒప్పుకుంటున్నాను. ఎత్తు బంగారం పేరు ఎన్నిసార్లు విన్నానో, ఈ మాటతో కలిపి ఒక్కసారీ చూడలేదు. పాచిక సంగతి ఒప్పుకోను గానీ. తప్పే అయినా అందరం అనేస్తున్నాం, ‘వాడి ఎత్తు పారలేదు’ ఇప్పుడు తెలుగే. ఇంతకీ సీస పద్యం చివర వచ్చే చిన్న పద్యం, ఎత్తుగీతి సంగతేంటి? పాట ఎత్తుకోవడానికీ దానికీ చుట్టరికం ఉందా? పద్యం తెలిసినవాళ్లు చెప్పాలి.

శ్రీపాద గారిని ఎక్కడ మొదలుపెట్టాలని ఇన్‌బాక్సులో అడిగినవాళ్లకు: ముందు కథలు. ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ తర్వాత, తీరిగ్గా. ‘వడ్లగింజలు’ మాత్రం పైకి చదవండి, ఇంట్లో ఎవరైనా వింటుంటే మరీ మంచిది. ఆ సంభాషణలు కళ్లతో చదివితే సగమే అందుతాయి. నా కాపీ అడక్కండి. పాప గింజల లెక్కంతా అట్ట లోపలి వైపు పెన్నుతో వేసేసింది.