‘పనోరమిక్ వ్యూ’కి విహంగ వీక్షణం సరిపోతుందా?

మాస్టారూ, మన విశాఖలోని కైలాసగిరి కొండ గురించి మా కాలేజీ పత్రికకి చిన్న వ్యాసం రాస్తున్నాను. ‘పనోరమిక్ వ్యూ’ అనాల్సిన చోట ‘విహంగ వీక్షణం’ అని పెట్టాను. మా ఫ్రెండేమో ‘సింహావలోకనం’ అయితే గంభీరంగా ఉంటుందంటోంది. ఏది రైటు?

—

రెండూ వద్దమ్మా. సింహావలోకనం అసలు కుదరదు. సింహం నడుస్తూ నడుస్తూ ఆగి వెనక్కి తిరిగి చూస్తుందట. అందుకే జరిగిపోయినదాన్ని ఒకసారి తిరగేసుకోవడానికి ఆ మాట వాడతాం. సింహాచలం పక్కనే ఉంది కదా అని కొండెక్కిన ప్రతివాడి చేతా సింహావలోకనం చేయిస్తే ఎలా!

విహంగ వీక్షణం కొంత దగ్గరే. కానీ అది పై నుంచి కిందికి చూసే చూపు. విమానం కిటికీలోంచి హార్బరు కనిపిస్తే విహంగ వీక్షణం. పనోరమాలో ముఖ్యం ఎత్తు కాదు, చుట్టు. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు కాల్టన్ హిల్ మీంచి కనిపించే ఎడిన్‌బరో ఊరిని బొమ్మగా వేశాడు. గుండ్రటి గోడకి లోపలివైపు బొమ్మ, మధ్యలో నిలబడి చూసేవాళ్లు. ఈ పద్ధతికి 1787లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత దానికి స్థిరపడిన పేరే ‘పనోరమా’. గ్రీకులో ‘అంతా’, ‘చూపు’ అనే రెండు మాటల కలయిక.

నన్నడిగితే ‘కనుచూపు మేర’తో మొదలుపెట్టు. మేర అంటే హద్దు. పొలిమేరలో ఉన్నది అదే. పంట నూర్చాక కళ్లంలో చాకలికీ వడ్రంగికీ కొలిచి ఇచ్చే వాటాని కూడా మేర అనేవారు. ఈ కనుచూపు పొలిమేర ఒకచోట ఉండదు, మనం ఎత్తుకి వెళ్లేకొద్దీ జరుగుతుంది. ఆర్కే బీచ్ ఇసుకలో నీళ్ల అంచున నిలబడ్డవాడికి సముద్రపు హద్దు ఐదు కిలోమీటర్ల లోపే. అదే 100 మీటర్ల ఎత్తు నుంచైతే సుమారు 36 కిలోమీటర్లు. భూమి గుండ్రం కాబట్టి బీచ్‌లో కనబడని ఓడ కొండ మీంచి కనబడుతుంది.

కాకపోతే ఇది దూరం చెబుతుంది, చుట్టు చెప్పదు. దానికి ‘నలుదిక్కులా’, ‘చుట్టూరా’ ఉన్నాయి. ‘వ్యూ’కి బదులు ఓ నామవాచకం కావాల్సిందేనని పట్టుబట్టకు. ‘చుట్టూరా కనుచూపు మేర ఇటు సముద్రం, అటు ఊరు, ఊరి వెనక కొండలు’ అంటే చాలదూ?

—

‘పరిదృశ్యం’ ఉంది కదండీ? ‘పరి’ అంటే చుట్టూ అనేగా, పరిభ్రమణంలోలాగా.

—

ఉందండీ, అర్థం కూడా కుదిరింది. శీర్షికగా బాగుంటుంది. మాటల్లో మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు. ఫోన్ కెమెరాలోని ‘పనోరమా’ని అయితే అలాగే వదిలేద్దాం.

—

మాస్టారూ, ‘కనుచూపు మేరలో’ అని రాయొచ్చా?

—

‘లో’ చేరిస్తే దారి మారిపోతుంది, ఎక్కువగా ‘లేదు’తో జత కడుతుంది. మద్దిలపాలెంలో నిలబడి ‘కనుచూపు మేరలో ఒక్క సిటీ బస్సూ లేదు’ అంటాం. నీ సముద్రానికి ‘లో’ అక్కర్లేదు.